ఖాళీ ఉంది, వరుసగా లేదు

ర్యామ్‌లో 200 ఎంబీ ఖాళీగా ఉండి కూడా, వరుసగా 2 ఎంబీ అడిగితే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీని పంచే ప్రధాన భాగం, ఇవ్వలేకపోవచ్చు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు పరీక్షల ముందు ‘ఫ్రాగ్మెంటేషన్’ అని బట్టీ పట్టేది దీన్నే. చాలామంది అక్కడితో వదిలేస్తారు. అసలు విశేషం ఆ తర్వాతే ఉంది.

లినక్స్ కెర్నల్ మెమరీని పేజీల లెక్కన పంచుతుంది. మనం వాడే మామూలు పీసీల్లో పేజీ అంటే 4096 బైట్లు. 4 జీబీ ర్యామ్‌లో 10,48,576 పేజీలు పడతాయి. ఖాళీగా ఉన్నవాటిని 1, 2, 4, 8 ఇలా 1024 పేజీల దాకా వరుస ముక్కలుగా ఉంచుకుంటుంది. చిన్నది కావాలంటే పెద్దదాన్ని సగానికి చీలుస్తుంది, జంట ముక్కలు రెండూ ఖాళీ అయితే మళ్లీ కలిపేస్తుంది. ఇదే బడ్డీ పద్ధతి. కెన్నెత్ నోల్టన్ దీన్ని 1965లో ప్రచురించాడు.

లినక్స్ సిస్టమ్‌లో ప్రాక్ ఫోల్డర్ కింద ‘బడ్డీఇన్ఫో’ ఫైలు తెరిచి చూడండి. మామూలుగా ఒక్కో వరుసలో 11 అంకెలు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి 1, 2, 4 ఇలా 1024 పేజీల దాకా, ఒక్కో సైజు ముక్కలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో అవి చెబుతాయి. సిస్టమ్ రోజుల తరబడి ఆపకుండా నడిచాక తరచుగా ఎడమవైపు అంకెలు వేలల్లో ఉంటాయి, కుడి చివర సున్నాలు కనబడతాయి. ఖాళీ అంతా చిల్లర అయిపోయిందన్నమాట. 2 ఎంబీ ముక్కను ఒకే పెద్ద పేజీగా ఇవ్వాలంటే మాత్రం 512 మామూలు పేజీలు పక్కపక్కనే కావాలి.

అప్పుడు కెర్నల్ పేజీలను జరుపుతుంది. ఈ కంపాక్షన్‌ను మెల్ గోర్మన్ రాశాడు, 2010లో 2.6.35 వెర్షన్‌లో చేరింది. కింది నుంచి వాడుకలో ఉన్న పేజీలను, పైనుంచి ఖాళీలను వెతుక్కుంటూ వచ్చి, ఆ పేజీలను తీసి ఈ ఖాళీల్లో పెడుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టిన సంగతి పాలమూరు వాళ్లకు తెలిసిందే. గుడి అదే, చోటు మారింది, భక్తులు కొత్త దారి పట్టారు. పేజీ తరలింపులో ప్రోగ్రామ్‌కు ఆ పని కూడా ఉండదు. దాని చేతిలో ఉన్నది వర్చువల్ అడ్రసే, అంటే ర్యామ్‌లోని అసలు చోటు కాదు, దానికి పెట్టిన మారు చిరునామా. అసలు చోటు ఏదో చెప్పేది పేజీ టేబుల్. కెర్నల్ ముందు ఆ పేజీకి లాక్ వేస్తుంది. టేబుల్‌లో దాని గడిలో ‘తరలింపులో ఉంది’ అని గుర్తు పెడుతుంది. ప్రాసెసర్ దాచుకున్న పాత చిరునామాను చెరిపిస్తుంది. 4096 బైట్లనూ కొత్త చోటికి కాపీ చేసి, గడిలో ఆ చోటు రాస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో ప్రోగ్రామ్ ఆ పేజీని ముట్టుకుంటే, పని అయ్యేదాకా ఆగుతుంది. ముట్టుకోకపోతే ఏం జరిగిందో దానికి తెలియనే తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంతకంటే అందమైన పని నాకైతే కనబడలేదు.

అన్ని పేజీలూ ఇలా కదలవు. కెర్నల్ తన సొంతానికి వాడుకునే చాలా పేజీలను నేరుగా అడ్రసుతోనే పట్టుకుని ఉంటుంది. ఏదైనా పరికరం డేటా రాస్తుండగా పిన్ చేసిన, అంటే కదలకుండా బిగించి ఉంచిన, పేజీని జరిపితే ఆ డేటా వేరే చోట పడుతుంది. 2 ఎంబీ జాగాలో అలాంటిది ఒక్కటి నడుమ కూర్చుంటే, మిగతా 511 జరిపినా లాభం లేదు. అందుకే కదిలేవాటికి, కదలనివాటికి మొదట్నుంచే వేర్వేరు బ్లాకులు కేటాయించే ఏర్పాటు కంపాక్షన్ కంటే ముందే, 2008లో 2.6.24 వెర్షన్‌తో వచ్చింది.