పీర్‌లకు పని నేర్పిందెవరు? హెచ్ఐవీ నివారణ శిక్షణ వెనుక కథ

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కొందరు సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో హెచ్ఐవీని గుర్తించారు. దేశంలో అదే మొదటిసారి. జబ్బు ఉందని తెలిసింది గానీ, దాన్ని ఆపే పని ఎవరికి నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

1992లో నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో తొలి దశ కార్యక్రమం మొదలైంది. రక్తం సురక్షితంగా ఎక్కించడం, పోస్టర్లు, ప్రచారం అప్పటి ముఖ్యమైన పనులు. శిక్షణ అంటే డాక్టర్లకూ ల్యాబ్ సిబ్బందికీ క్లాసులే. ఊరి బస్టాండ్ దగ్గర రాత్రి పది గంటలకు ఒక మహిళతో ఎలా మాట్లాడాలో ఆ క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకూ తెలియదు.

ఆ ఏడాదే కలకత్తా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా పనిని వేరే వైపు నుంచి మొదలుపెట్టారు. బయటి నుంచి ఉపన్యాసకులను తేకుండా, అక్కడి సెక్స్ వర్కర్లకే శిక్షణ ఇచ్చి తోటివాళ్ల దగ్గరికి పంపారు. ఇలా తోటివాళ్లకు నేర్పే మనిషే పీర్ ఎడ్యుకేటర్, క్లుప్తంగా పీర్. ఆ పద్ధతికి మన దేశంలో పేరు తెచ్చింది ఆ ప్రాజెక్టే. తర్వాతి కార్యక్రమాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిస్థితి అప్పటికే బాగోలేదు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్లవారిలో హెచ్ఐవీ దేశం మొత్తం మీద 0.28 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. దానికి ముందే, 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ‘ఆవాహన్’ అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. మన దగ్గర కోస్తా జిల్లాలను హిందుస్థాన్ లేటెక్స్ ఫ్యామిలీ ప్లానింగ్ ప్రమోషన్ ట్రస్ట్ చూసింది. తెలంగాణ, రాయలసీమ జిల్లాలను ఇండియా హెచ్ఐవీ/ఎయిడ్స్ అలయన్స్ తీసుకుంది.

ఆవాహన్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా దాని డబ్బు గురించే మాట్లాడతారు. నా లెక్కలో దాని అసలు విశేషం మైక్రోప్లానింగ్. ఒక్కో పీర్ తన హాట్‌స్పాట్‌లో (సెక్స్ వర్కర్లు కస్టమర్లను కలిసే చోటు) ఉన్న ఒక్కో మహిళ గురించి వివరాలు పెట్టుకునేది: వారానికి ఎంతమంది కస్టమర్లు వస్తారు, ఎన్ని కండోమ్‌లు అవసరం, ఎన్ని అందాయి, చివరిసారి క్లినిక్‌కు ఎప్పుడు వచ్చింది. చదువురాని పీర్‌లు చాలామంది కాబట్టి కార్డుల మీద బొమ్మలు, గుర్తులు వాడారు. ఆ కార్డులు ముందేసుకుని ఔట్‌రీచ్ వర్కర్‌తో (పీర్‌ల పనిని చూసే ప్రాజెక్టు ఉద్యోగి) కూర్చుంటే ఈ వారం ముందు ఎవరిని కలవాలో పీరే తేల్చేది. శిక్షణ అక్కడ జరిగేది. హోటల్ హాల్లో బ్యాడ్జీలు తగిలించుకుని రెండు రోజులు విన్నదానికంటే ఇది ఎక్కువ నిలిచింది. లైంగిక వ్యాధుల క్లినిక్‌లకు కూడా ఒకే ప్రమాణాలు రాసుకున్నారు. వాటి ప్రకారం పని జరుగుతోందో లేదో పర్యవేక్షకులు క్లినిక్‌కు వెళ్లి చూసి, తప్పులుంటే పక్కన కూర్చుని సరిచేసేవాళ్లు.

2007లో నాకో మూడో దశ మొదలైనప్పుడు ఈ అనుభవంలో చాలా భాగం ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. రాష్ట్రాల్లో టెక్నికల్ సపోర్ట్ యూనిట్లు పెట్టారు. సెక్స్ వర్కర్ల వంటి, ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం పెట్టిన టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టులు (అందరూ టీఐలు అంటారు) నడిపే ఎన్జీవోల దగ్గరికి వెళ్లి, రిజిస్టర్లు చూసి, ఫీల్డుకు వెంట వెళ్లి నేర్పడం ఈ యూనిట్ల ప్రాజెక్ట్ ఆఫీసర్ల పని. క్లాసు శిక్షణకు వేరుగా స్టేట్ ట్రైనింగ్ అండ్ రిసోర్స్ సెంటర్లు వచ్చాయి. కౌన్సెలర్ల శిక్షణ బాధ్యత గ్లోబల్ ఫండ్ (ఎయిడ్స్, టీబీ, మలేరియాలపై పోరుకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ) సాయంతో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు వెళ్లింది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

ఆ తర్వాత అప్పగింతలు వచ్చాయి. ఆవాహన్ ప్రాజెక్టులను 2009 నుంచి 2012 దాకా విడతలుగా ప్రభుత్వానికి ఇచ్చారు. ఇచ్చేముందు ప్రభుత్వ ఖర్చు పరిమితులకు సరిపోయేలా వాటిని తగ్గించుకోవాల్సి వచ్చింది. కండోమ్ సరఫరా, పరీక్షల వంటివి లెక్కకు అందుతాయి కాబట్టి ముందుకు సాగాయి. పక్కన కూర్చుని నేర్పే సమయం ఏ బడ్జెట్ వరుసలోనూ కనపడదు. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు పోయేది అదే.

2014 మరో దెబ్బ. కేంద్ర నిధులను నేరుగా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థలకు కాకుండా రాష్ట్ర ఖజానాల ద్వారా పంపడం మొదలుపెట్టారు. ఆలస్యమైంది. దేశంలో చాలాచోట్ల ఎన్జీవోల సిబ్బందికి నెలల తరబడి జీతాలు రాలేదు. సరిగ్గా అప్పుడే మన రాష్ట్రం రెండైంది, ఎయిడ్స్ నియంత్రణ యంత్రాంగాన్నీ పంచుకోవాల్సి వచ్చింది. జీతం రాని ఔట్‌రీచ్ వర్కర్ ఎన్నాళ్లుంటాడు? అతను వెళ్లిపోతే, ఏ సందులో ఎవరు ఎవరి మాట వింటారన్న సంగతి కూడా అతనితోనే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు రిజిస్టర్ చేతికొస్తుంది, ఆ ఎరుక రాదు. పీర్‌లకు ఇచ్చేది ఇప్పటికీ జీతం కాదు, గౌరవ వేతనం. అనుభవజ్ఞులు నిలబడాలని కోరుకుంటూ ఆ మొత్తాన్ని అలా ఉంచడం నాకు అర్థం కాని విషయం.

2021లో ఐదో దశ మొదలైంది, 2026 దాకా 15,471.94 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇంతలో ఫీల్డే మారిపోయింది. బస్టాండ్, లాడ్జి, హైవే దాబా చుట్టూ గీసుకున్న మ్యాపులకు అందకుండా పరిచయాలు ఫోన్లలోకీ యాప్‌లలోకీ వెళ్లాయి. హాట్‌స్పాట్‌లో నిలబడి పనిచేయడం నేర్చుకున్న పీర్, ముఖం తెలియని మనిషికి వాట్సాప్‌లో నమ్మకం కలిగించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆమెకు నేర్పాల్సిన ప్రాజెక్ట్ ఆఫీసర్‌కూ అది కొత్తే. మైక్రోప్లానింగ్ కార్డులను మొదట పీర్‌లతో కూర్చుని తయారుచేశారు. ఈసారి శిక్షణ పాఠాలు రాసేవాళ్లు కూడా ముందు వాళ్ల ఫోన్లలో ఏం జరుగుతోందో వాళ్లనే అడగాలి.