నల్లగొండ ఫ్లోరైడ్: కారణం తెలిశాక కూడా కదలని దశాబ్దాలు

తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుందన్న సంగతి మన దేశంలో 1937లోనే బయటపడింది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మెడ తిప్పలేక, నడుము వంచలేక బాధపడుతున్నవారిని పరీక్షించిన వైద్యులు ఆ దోషం తాగే నీళ్లదేనని తేల్చారు. అందువల్ల నల్లగొండ వ్యథను అంతుచిక్కని జబ్బు కథగా చెప్పడం సరికాదు.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల నేల అడుగున గ్రానైట్ ఉంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలోకి ఆ రాతిలోని ఫ్లోరైడ్ సులువుగా దిగుతుంది. చేదబావులు ఎండి జనం బోర్లకు మళ్లాక, ఏళ్ల తరబడి రాతిని అంటిపెట్టుకున్న లోతు నీళ్లే దిక్కయ్యాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని మన ప్రమాణం చెబుతుండగా, ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు కనిపించింది. కాచి చల్లార్చినా ఇది పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన శుద్ధి పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెడితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న తెట్టెలు కట్టి అడుగుకు చేరతాయి; పైన తేరిన నీటిని వడకట్టుకోవాలి. ఆఫ్రికా దేశాల దాకా వెళ్లిన ఈ పద్ధతి ఇక్కడి ఇళ్లలో మాత్రం నిలదొక్కుకోలేదు. పటిక మోతాదు ఒక్కో బావికి ఒక్కో రకంగా ఉంటుంది, ఆ పని రోజూ చేయాలి, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పొద్దున్నే కూలికి వెళ్లే కుటుంబం మీద అంత భారం మోపడం న్యాయం కాదు.

అసలు పరిష్కారం కృష్ణా నీళ్లే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఈ జిల్లా అంచునే ఉన్నా, ఎత్తయిన పడమటి పల్లెలకు నీరు ఎక్కాలంటే ఎత్తిపోయక తప్పదు. ఆ పనుల జాప్యానికి నిరసనగా దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి నామినేషన్ల ఉద్యమం నడిపింది. మొత్తం 480 మంది బరిలో నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ప్రభుత్వం మాత్రం అదే ఏడాది జనరల్ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. ఈ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి 2004లో హైదరాబాదుకు కృష్ణా నీరు చేరింది. చుట్టుపక్కల ఎన్నో పల్లెలు అప్పటికింకా బోరు నీళ్లే తాగుతున్నాయి.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరిగిన మిషన్ భగీరథ గొట్టాలతో ఇంటింటికీ నదీజలం చేరడం ఈ చరిత్రలో నిజమైన మలుపు. అయితే ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ వల్ల వచ్చిన వంకర తిరిగి సరికాదు. అలా వంకరపోయినవారికి పింఛను, వైద్యం కావాలి. గొట్టం పగిలి సరఫరా ఆగిన రోజున ఊరు మళ్లీ బోరు దగ్గరికే వెళుతుంది గనుక, ఆ బోర్ల నీటిని పరీక్షించి ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాసే పని ఆగకూడదు.