ఆరూ బలమైనవే, అయినా ఎందుకు ఓడుతున్నారు? పోకెమాన్ టీమ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, నా టీమ్ చూసి మార్కులెయ్యి" అంటూ, పోకెమాన్ వీడియో గేమ్‌లో పట్టి, పెంచి, పోరాటానికి దింపే ఆరు జీవుల (పోకెమాన్‌ల) స్క్రీన్‌షాట్ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. ముందు నేను అడిగేది ఒకటే. ఈ టీమ్ కథ పూర్తి చేయడానికా, ఆన్‌లైన్‌లో మనుషులతో ఆడటానికా? చాలామంది ఆ సంగతే ఆలోచించి ఉండరు. కథలో జిమ్ లీడర్‌కి (ముందుకెళ్లాలంటే ఓడించాల్సిన ట్రైనర్‌కి) మీ దగ్గర ఏమున్నాయో తెలియదు. మీరు పది లెవెల్స్ పెంచుకుని వెళ్లినా అడిగేవాడు లేడు. అఫీషియల్ డబుల్స్ (రెండేసి పోకెమాన్‌లు ఒకేసారి తలపడే) పోటీల్లో అలా కుదరదు. మీ ఆరూ అవతలివాడికి ముందే కనిపిస్తాయి, అందులోంచి నాలుగే దింపాలి, లెవెల్ అందరికీ 50. కింద రాసిన అపోహల్లో సగం ఒకచోట పనికొచ్చే మాటను తీసుకెళ్లి ఇంకోచోట వాడటం వల్ల పుట్టినవే.

అపోహ: ఆరూ బలమైనవైతే టీమ్ దానంతటదే బలంగా ఉంటుంది.

నాకు తరచూ వచ్చే టీమ్‌లు ఈ తరహాలో ఉంటాయి: చారిజార్డ్, గ్యారడోస్, డ్రాగొనైట్, జాప్డోస్, ఏరోడాక్టిల్, సైథర్. ప్రతి పోకెమాన్‌కి ఒకటో రెండో టైప్‌లు ఉంటాయి, ఏ దెబ్బ దానికి ఎంత తగులుతుందో వాటిని బట్టే. పంపినవాళ్ల లెక్కలో ఇది ఫైర్, వాటర్, డ్రాగన్, ఎలక్ట్రిక్, రాక్, బగ్. ఆరు వేర్వేరు టైప్‌లు, ఇంకేం కావాలి అంటారు. కానీ రెండో టైప్ చూడండి. ఆరింటికీ ఫ్లయింగే! ఫ్లయింగ్‌కి రాక్ దెబ్బ రెట్టింపు. చారిజార్డ్‌కి, సైథర్‌కి అయితే ఏకంగా నాలుగింతలు. డబుల్స్‌లో రాక్ స్లైడ్ అనే రాక్ దెబ్బ ఎదురుగా ఉన్న రెండింటినీ ఒకేసారి కొడుతుంది. పైగా దెబ్బ తిన్నది ఆ టర్న్ (వంతు)లో కదలకుండా ఉండిపోయే అవకాశం 30 శాతం. సింగిల్స్‌లో (ఒకటితో ఒకటి తలపడేచోట) పరిస్థితి ఇంకా ఘోరం. అవతలివాడు ఒక్కసారి స్టెల్త్ రాక్ (బయటికి వచ్చే ప్రతిదానికీ గుచ్చుకునే రాళ్లు) వేశాడంటే చారిజార్డ్ బయటికి రాగానే సగం హెచ్‌పీ (ప్రాణబలం) పోతుంది, గ్యారడోస్‌కి పావు వంతు. ఇంకా ఎవరూ ఎవర్నీ కొట్టనే లేదు.

టీమ్‌ని విడివిడిగా ఆరు పోకెమాన్‌లుగా కాకుండా జతలుగా చూడాలి. ఇది దెబ్బ తినేటట్టుంటే దాని బదులు ఏది వచ్చి ఆ దెబ్బ కాస్తుంది అన్నదే అసలు ప్రశ్న. గ్యారడోస్‌నే తీసుకుందాం. ఎలక్ట్రిక్ దానికి నాలుగింతలు తగులుతుంది. పక్కన గార్చాంప్ ఉంటే, అది గ్రౌండ్ టైప్ కాబట్టి ఎలక్ట్రిక్ దాన్ని తాకనే తాకదు. మరి గార్చాంప్‌కి ఐస్ నాలుగింతలు, డ్రాగన్, ఫెయిరీ రెట్టింపు. ఆ మూడింటినీ స్టీల్ టైప్ మెటాగ్రాస్ సగం దెబ్బతో సరిపెట్టేస్తుంది. మెటాగ్రాస్‌కి గ్రౌండ్, ఫైర్ పడవు. గ్రౌండ్ గ్యారడోస్‌ని తాకదు, ఫైర్ సగమే తగులుతుంది. ఇలా మూడూ ఒకదాన్నొకటి కాచుకుంటాయి. మిగిలినవి మెటాగ్రాస్‌కి పడని ఘోస్ట్, డార్క్. నాలుగో స్థానానికి ఏం వెతకాలో టీమే చెబుతోంది. ఇన్సినరోర్ లాంటి డార్క్ టైప్ ఏదైనా అక్కడ కూర్చుంటుంది. ఐదు, ఆరు స్థానాల్లో మీకు నచ్చినవి పెట్టుకోండి, పెద్దగా నష్టం లేదు.

కథ వరకైతే ఇంత ఆలోచించక్కర్లేదు. స్టార్టర్ (ఆట మొదట్లో ఇచ్చే పోకెమాన్) ఒక్కదాన్నే పెంచి చివరిదాకా లాక్కుపోయేవాళ్లు బోలెడుమంది, అదేం తప్పు కాదు. డైమండ్, పెర్ల్ గేమ్‌ల్లో ఛాంపియన్ సింథియా దగ్గరికో, గోల్డ్, సిల్వర్‌లో జిమ్ లీడర్ విట్నీ మిల్టాంక్ దగ్గరికో వెళ్లాక ఆగిపోతారు, అంతే. మిల్టాంక్ వాడే రోలౌట్ అనే దెబ్బ తగిలిన ప్రతిసారీ బలం రెట్టింపవుతుంది. మీ ఒక్కగానొక్క హీరో పడిపోయాక వెనక లెవెల్ 8 పిడ్జీలు తప్ప ఎవరూ ఉండరు.

అపోహ: స్టాట్స్ మొత్తం ఎంత ఎక్కువుంటే పోకెమాన్ అంత గొప్పది.

స్లేకింగ్ బేస్ స్టాట్స్ (హెచ్‌పీ, ఎటాక్, డిఫెన్స్, స్పెషల్ ఎటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ అనే ఆరు అంకెలు) మొత్తం 670. గార్చాంప్‌ది 600. కాగితం మీద చూస్తే స్లేకింగ్ లెజెండరీల సరసన నిలబడాలి. కానీ దాని ఎబిలిటీ (దానికుండే ప్రత్యేక గుణం) ట్రూఅంట్, అంటే ఒక టర్న్ కొట్టి మరో టర్న్ బద్ధకంగా పడుకుంటుంది. ఆ ఖాళీ టర్న్‌లో అవతలివాడు ఏం చేసుకున్నా చెల్లుతుంది. ఇటు అజుమరిల్‌ని చూడండి. మొత్తం 420, అందులో ఎటాక్ 50 మాత్రమే. ఎవరూ పట్టించుకోని అంకె. హ్యూజ్ పవర్ ఎబిలిటీ ఉన్న అజుమరిల్‌కి ఎటాక్ రెట్టింపవుతుంది. దాన్ని చిన్నచూపు చూసి డ్రాగొనైట్‌ని ఎదురుపెట్టినవాళ్లు ప్లే రఫ్ అనే ఒక్క ఫెయిరీ దెబ్బకి బోధపరుచుకుంటారు.

మొత్తం చూడటంలో ఇంకో చిక్కుంది. గార్చాంప్ మొత్తంలో స్పెషల్ ఎటాక్ 80 కూడా కలిసుంది. మూవ్స్ అంటే పోకెమాన్ వాడే దెబ్బలు, ఎత్తుగడలు; కొట్టేవాటిలో ఫిజికల్‌వి ఎటాక్ అంకెతో, స్పెషల్‌వి స్పెషల్ ఎటాక్‌తో కొడతాయి. ఫిజికల్ మూవ్స్‌తో కొట్టేటప్పుడు ఆ 80 ఎందుకూ పనికిరాదు. మొత్తం పక్కనపెట్టి, ఆ పోకెమాన్ చేసే పనికి కావలసిన రెండు మూడు అంకెలు, ఎబిలిటీ చూడండి చాలు.

అపోహ: ఇష్టమైనవాటితో ఆడితే గెలవలేం.

ఈ మాట ఎవరన్నా 2014 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ గుర్తుచేస్తారు. వాషింగ్టన్ డీసీలో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసు అనే ఉడుతతో టైటిల్ కొట్టాడు. దాని స్టాట్స్ మొత్తం 405. ఆ కథను మాత్రం చాలామంది తప్పుగా చెబుతారు, ఇష్టంతోనే గెలిచేశాడన్నట్టు. ఆ టీమ్‌లో గ్యారడోస్ ఉంది. ఎలక్ట్రిక్ దానికి ఎంత ప్రమాదమో పైన చూశాం. పచిరిసు ఫాలో మీ వాడితే గ్యారడోస్ మీదికి రావలసిన దెబ్బ దాని మీదికి మళ్లుతుంది. వోల్ట్ అబ్సార్బ్ ఎబిలిటీ ఉంది కాబట్టి ఎలక్ట్రిక్ దెబ్బకి హెచ్‌పీ తగ్గకపోగా పెరుగుతుంది. ఎటాక్ 45 అయినా బాధలేదు, సూపర్ ఫ్యాంగ్ ఘోస్ట్ టైప్‌లకి తప్ప ఎవరికైనా మిగిలిన హెచ్‌పీలో సగం కోసేస్తుంది. నజుల్ తగిలితే పెరాలసిస్ (వేగం తగ్గే స్థితి) ఖాయం. అంటే ఆ ఉడుత చేసే ఏ పనికీ పెద్ద ఎటాక్ అక్కర్లేదు.

కాబట్టి మీకు బైడూఫ్ ఇష్టమైతే బైడూఫే పెట్టుకోండి. కానీ దాని చేత ఏ పని చేయిస్తారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "క్యూట్‌గా ఉంటుంది" అన్నది కథలో సరిపోతుంది, ఆన్‌లైన్‌లో సరిపోదు.

అపోహ: ఒక్కో పోకెమాన్‌కి ఉండే నాలుగు మూవ్స్ కూడా కొట్టేవే ఉండాలి, అదీ ఎక్కువ పవర్ ఉన్నవే.

కథలో ఇది దాదాపు నిజం. అక్కడ ఎంత త్వరగా పడగొడితే అంత మేలు. నాలుగూ ఒకే టైప్ కాకుండా చూసుకుంటే చాలు. చారిజార్డ్‌కి ఫ్లేమ్‌త్రోయర్, ఫైర్ బ్లాస్ట్, ఫైర్ స్పిన్ మూడూ పెట్టి వాటర్ జిమ్‌కి వెళ్లినవాణ్ణి ఏమనాలి?

పవర్ అంకెను ఒంటరిగా చూడకూడదు. హైపర్ బీమ్ పవర్ 150 అని మురిసిపోతారు. అది కొట్టాక తర్వాతి టర్న్ ఊరికే నిలబడాలి. గార్చాంప్ ఎర్త్‌క్వేక్ పవర్ 100, సొంత టైప్ కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే అదీ 150 లెక్కే. పైగా ప్రతి టర్న్ కొట్టొచ్చు. రెండు టర్న్‌లకి ఒకవైపు 300, ఇంకోవైపు 150. అందులోనూ హైపర్ బీమ్ ఇప్పుడు స్పెషల్ మూవ్, గార్చాంప్ బలమంతా ఫిజికల్‌లో ఉంది.

డబుల్స్‌కి వస్తే అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరు అన్నట్టుంటుంది. ఇన్సినరోర్ అన్నేళ్లు పోటీల్లో వదలకుండా కనిపించింది దెబ్బ పెద్దదని కాదు. బయటికి రాగానే ఇంటిమిడేట్‌తో ఎదుటి రెండింటి ఎటాక్‌నూ తగ్గిస్తుంది. వచ్చిన మొదటి టర్న్‌లో ఫేక్ అవుట్‌తో ఒకదాన్ని కదలనివ్వదు. పార్టింగ్ షాట్ వేసి తప్పుకుంటుంది, తర్వాత మళ్లీ వచ్చి మళ్లీ అదే పని. ఇక ప్రొటెక్ట్ (ఆ టర్న్‌లో దెబ్బ తగలనివ్వని మూవ్) లేని టీమ్ పంపి "ఎందుకు ఓడుతున్నా" అని అడిగితే నేను మిగతాది చూడకుండానే జవాబు పెట్టేస్తాను.

అపోహ: ఆరు ఐవీలూ 31 లేకపోతే ఆ పోకెమాన్ వేస్ట్.

ఐవీ అంటే పోకెమాన్ పుట్టుకతో తెచ్చుకునే అంకె. ఒక్కో స్టాట్‌కి 0 నుంచి 31 వరకు ఉంటుంది. మామూలుగా అడవిలో దొరికేదానికి ఆరూ 31 పడే అవకాశం 107 కోట్లకు పైగా సార్లలో ఒక్కసారి. దీనికోసం గడ్డిలో తిరిగితే జీవితం సరిపోదు. కథలో అసలు అవసరమే లేదు. రెండు లెవెల్స్ పెరిగితే ఆ తేడా ఎటుపోయిందో తెలియదు.

ఆన్‌లైన్‌లో మాత్రం కొన్నిచోట్ల ఐవీ ప్రాణం పోస్తుంది. లెక్క వేసి చూద్దాం. గార్చాంప్ బేస్ స్పీడ్ 102, చారిజార్డ్‌ది 100. లెవెల్ 50 దగ్గర రెండింటికీ స్పీడ్ ఐవీ 31, ఈవీ (శిక్షణతో వచ్చే పాయింట్లు) 252, స్పీడ్ పెంచే నేచర్ (ఒక స్టాట్ పెంచి ఇంకోటి తగ్గించే స్వభావం) ఉంటే గార్చాంప్ 169, చారిజార్డ్ 167. రెండే పాయింట్ల తేడా, కానీ ప్రతిసారీ గార్చాంప్‌దే మొదటి దెబ్బ. ఇప్పుడు మీ గార్చాంప్ స్పీడ్ ఐవీ 25 అనుకోండి. అది 166 దగ్గర ఆగుతుంది, చారిజార్డ్ ముందు కొడుతుంది. ఐవీ 31 ఉంచి నేచర్ మాత్రం ఎటాక్ పెంచే ఆడమెంట్ పెట్టారనుకోండి, 154. ఐవీ వల్ల పోయింది మూడు పాయింట్లు, నేచర్ వల్ల పదిహేను. అందరూ ఐవీ గురించి టెన్షన్ పడతారు, నేచర్ చూడటం మర్చిపోతారు.

ఇంకోటి, 31 ఎప్పుడూ మంచిది కూడా కాదు. ట్రిక్ రూమ్ వేస్తే నెమ్మదైనవి ముందు కదులుతాయి కాబట్టి ఆ టీమ్‌లో స్పీడ్ ఐవీ 0 కావాలి. స్పెషల్ మూవ్స్ మాత్రమే వాడేదానికి ఎటాక్ ఐవీ 0 ఉంటే నయం, ఎందుకంటే ఫౌల్ ప్లే మీ ఎటాక్‌తోనే మిమ్మల్ని కొడుతుంది. ఎలాగూ 2016లో సన్, మూన్ నుంచి ఐవీని 31 ఉన్నట్టే పనిచేయించే హైపర్ ట్రైనింగ్, 2019లో స్వోర్డ్, షీల్డ్ నుంచి నేచర్ ప్రభావాన్ని మార్చే మింట్స్ వచ్చాయి. కథంతా మీ వెంట తిరిగిన పోకెమాన్‌నే పోటీకి తయారుచేసుకోవచ్చు. గుడ్ల మీద గుడ్లు పొదిగించే రోజులు పోయాయి.

అపోహ: ఒక గేమ్‌లో నిజమైతే అన్ని గేమ్‌ల్లోనూ నిజమే.

ఫోన్‌లో ఫైర్ రెడ్, ఎమరాల్డ్ లాంటి పాత గేమ్‌లు ఆడేవాళ్లకి దీనివల్లే ఎక్కువ దెబ్బ. వీడియోలో ఎవరో గ్యారడోస్‌కి వాటర్‌ఫాల్ పెట్టమంటారు, వీళ్లు పెడతారు, దెబ్బ తుస్సుమంటుంది. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చేదాకా ఫిజికల్, స్పెషల్ అన్నది మూవ్‌ని బట్టి కాదు, టైప్‌ని బట్టి ఉండేది. వాటర్ మొత్తం స్పెషల్. గ్యారడోస్ ఎటాక్ 125, స్పెషల్ ఎటాక్ 60. జెంగార్‌ది దీనికి తలకిందులు, ఎటాక్ 65, స్పెషల్ ఎటాక్ 130. కానీ అప్పట్లో ఘోస్ట్ అంతా ఫిజికల్, కాబట్టి ఫైర్ రెడ్‌లో జెంగార్ షాడో బాల్ చూసేవాళ్లకే జాలేస్తుంది. దానికి థండర్‌బోల్ట్ పెడితే మేలు. సలహా వినేముందు అది ఏ గేమ్ గురించో అడగండి.

ఇదే కోవలోది కార్టూన్ చూసి నేర్చుకున్న పాఠం. అందులో స్ప్రింక్లర్ల నీళ్లకి తడిసిన గ్రౌండ్ టైప్ ఆనిక్స్ మీద పికాచు పైచేయి సాధిస్తుంది. అది నమ్మి ఎల్లో వెర్షన్‌లో ఆ ఆనిక్స్ ఉన్న జిమ్ లీడర్ బ్రాక్ దగ్గరికి పికాచు ఒక్కదానితో వెళ్తే, గ్రౌండ్ టైప్ మీద ఎలక్ట్రిక్ సున్నా. తడిపినా ఆరబెట్టినా సున్నానే. రూట్ 22 దగ్గర ఫైటింగ్ టైప్ మాంకీని పట్టుకుని వెళ్లండి.

అపోహ: ఛాంపియన్ టీమ్ కాపీ కొడితే గెలుపు మనదే.

రెంటల్ కోడ్ (వేరేవాళ్ల టీమ్‌ని అద్దెకు తెచ్చుకునే కోడ్) ఉంటే రెండు నిమిషాల్లో ఆ టీమ్ మీ చేతిలో ఉంటుంది. ఆ ఈవీలు ఫలానా దెబ్బ తట్టుకోవాలని, ఫలానాదానికంటే ఒక్క పాయింట్ వేగంగా ఉండాలని లెక్కేసి పెట్టినవి. ఆ లెక్క తెలియకపోతే ఎప్పుడు వెనక్కి పిలవాలో, ఎప్పుడు నిలబడాలో తెలియదు. నేర్చుకోవడానికి వాడండి, మంచిదే.

అపోహ: ఎవాల్వ్ కాగలిగేదాన్ని (ఎదిగి ఇంకో రూపంలోకి మారగలిగేదాన్ని) ఆపకూడదు.

కథలో అవునులెండి. పోటీల్లో మాత్రం పూర్తిగా ఎదగనివాటికి ఎవియోలైట్ అనే వస్తువు పట్టిస్తే డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ రెండూ ఒకటిన్నర రెట్లవుతాయి. పొరీగాన్-జెడ్‌గా మార్చకుండా పొరీగాన్2ని అలాగే ఉంచుకునేది ఇందుకే.

అపోహ: షైనీ (వేరే రంగులో దొరికే అరుదైనది) అయితే మామూలుదానికంటే బలంగా ఉంటుంది.

రంగు తప్ప తేడా లేదు. గోల్డ్, సిల్వర్‌లో అయితే కథ తిరగబడింది. అప్పటి గేమ్‌లో ఈ పుట్టుక అంకెలు 0 నుంచి 15 దాకా ఉండేవి, షైనీ అవునా కాదా అన్నది ఆ అంకెల్ని బట్టే తేలేది. డిఫెన్స్, స్పీడ్, స్పెషల్ మూడూ కచ్చితంగా 10 ఉంటేనే షైనీ. అంటే అక్కడ షైనీకి ఆ మూడు స్టాట్స్‌లో పూర్తి మార్కులు రావడం అసాధ్యం. లేక్ ఆఫ్ రేజ్‌లో అందరూ ఎగబడి పట్టుకున్న ఎర్ర గ్యారడోస్‌దీ అదే కథ. అయినా దాన్ని టీమ్‌లోంచి తీసేయమని నేనెవరికీ చెప్పలేదు, చెప్పినా వినరు.