తెడ్లతో వేసిన గుడారాలు

విజయవాడ

చిరంజీవులు పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

నేను పంపిన పాత లండన్ అచ్చుబొమ్మ చూసి, "అందరూ చీమల్లా ఉన్నారు, ఏమీ అర్థం కాలేదు" అన్నారుగా. ఫోన్‌లో చెబితే తేలేది కాదని రాస్తున్నాను.

అది 1683-84 చలికాలం. థేమ్స్ నది గడ్డకట్టింది. చలి ఎక్కువే, కానీ అదొక్కటే కారణం కాదు. అప్పటి లండన్ వంతెనకి లావుపాటి స్తంభాలు, వాటి మధ్య ఇరుకు కమానులు. వాటివల్ల వంతెనకి ఎగువన నీళ్ళ వేగం తగ్గిపోయేది. మన ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణమ్మ చెరువులా నిలిచి కనబడుతుంది చూడండి, ఇంచుమించు అలాగ. ఆ మంచు మీదే తిరునాళ్ళు వెలిసింది.

ఇప్పుడు బొమ్మని పెద్దది చేసి గుడారాల దగ్గర ఆగండి. వాటిని నిలబెట్టింది పడవ తెడ్లతో, కప్పింది దుప్పట్లతో. అందుకే దాన్ని దుప్పట్ల సంత అని కూడా అన్నారు. నది గడ్డకడితే ముందు పోయేది పడవవాళ్ళ కూడే కదా! వాళ్ళు ఇంట్లో కూర్చోలేదు. తెడ్డునే గుంజ చేశారు, పడవకి చక్రాలు బిగించి జనాన్ని తిప్పారు. గుర్రబ్బండిలో వచ్చిన దొరలనీ, ఆటగాళ్ళనీ చూసి సరదా అనుకుంటాం. నా కళ్ళు మాత్రం ఆ తెడ్ల దగ్గరే ఆగిపోతాయి. బతుకుతెరువు పోయినవాళ్ళే ఊరందరికీ పండగ చేసిపెట్టారు.

మంచు మీద అచ్చుయంత్రం కూడా పెట్టారు. ఆరు పెన్నీలు ఇస్తే మీ పేరు అచ్చువేసి ఇస్తారు. దుర్గమ్మ కొండ కింద బియ్యపు గింజ మీద పేరు రాయించుకుంటామని మీరు పేచీ పెట్టలేదూ, అదే ఆశ. 1684 జనవరి 31న రాజు రెండో ఛార్లెస్ కూడా తన కుటుంబం పేర్లు అచ్చు వేయించుకున్నాడు. ఆ కాగితంలో చివరి పేరు ఇంకా పుట్టని బిడ్డది! రాజు తమ్ముడి కూతురు, రాకుమారి ఆన్ అప్పుడు కడుపుతో ఉంది. కడుపులో ఉన్న బిడ్డకి ముద్దుపేరు పెట్టి మరీ లెక్కలోకి తీసుకున్నారు. మనం అర్చనలో గోత్రం చెప్పి, ఇంటిల్లిపాది పేర్లూ ఒక్కటి వదలకుండా చెప్పినట్టే అనిపించింది నాకు.

దసరాకి వచ్చినప్పుడు భూతద్దం ఇస్తాను. ఈలోపు మీరు ఆ చక్రాల పడవ ఎక్కడుందో వెతికి పెట్టండి.

మీ అమ్మమ్మ