సేర్, ఎస్తార్: ఇంగ్లీషు ‘బి’ క్రియకు స్పానిష్ మాట ఎంచుకోవడంలో అపోహలు – వాస్తవాలు

తెలుగు విద్యార్థులకు స్పానిష్ నేర్పే నన్ను మొదటి వారంలోనే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంగ్లీషులో ‘ఈజ్’ అని ఒక్క మాటతో సరిపెట్టే చోట ‘ఎస్’ అనాలా, ‘ఎస్తా’ అనాలా? మొదటిది సేర్ క్రియకు రూపం, రెండవది ఎస్తార్‌కు.

అపోహ: శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్.

వాస్తవం: ఈ సూత్రం పట్టుమని పది వాక్యాలు రాసేలోపే దెబ్బతింటుంది. మరణం కంటే శాశ్వతమైన స్థితి లేదు, అయినా చనిపోయిన మనిషిని గురించి ‘ఎస్తా మ్వేర్తో’ అనే అంటారు. మాద్రిద్ ఎక్కడికీ కదలదు, అయినా అది స్పెయిన్‌లో ఉందని చెప్పడానికి ఎస్తారే కావాలి. క్షణం నిలవని సమయానికి మాత్రం సేర్ వాడి, 3 గంటలయిందనడానికి ‘సోన్ లాస్ త్రేస్’ అంటారు. కాబట్టి చూడవలసింది ఎంతకాలం నిలుస్తుందన్నది కాదు, అది ఏమిటో, ఎలాంటిదో చెబుతున్నామా, లేక ఎక్కడ, ఏ స్థితిలో ఉందో చెబుతున్నామా అన్నది. ఎస్తార్ పుట్టింది ‘నిలబడటం’ అనే అర్థమున్న లాటిన్ క్రియ ‘స్తారే’ నుంచి. ఒక మార్పు జరిగాక వచ్చి నిలిచిన స్థితికి అది అందుకే అంత చక్కగా అమరుతుంది.

మామిడికాయనే తీసుకోండి. ‘ఎల్ మాంగో ఎస్ బేర్దే’ అంటే దాని రంగు ఆకుపచ్చ అని, ‘ఎల్ మాంగో ఎస్తా బేర్దే’ అంటే అది ఇంకా పచ్చిగానే ఉందని అర్థం. పచ్చ, పచ్చి అని మనం రెండు మాటలతో చెప్పే తేడాను వాళ్ళు విశేషణాన్ని ముట్టుకోకుండా క్రియను మార్చి చెబుతారు.

అపోహ: ఇక్కడ తెలుగు అక్కరకు రాదు.

వాస్తవం: ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ దారి చూపుతుందని నా నమ్మకం. ‘ఆమె డాక్టరు’లో క్రియ లేదు, అక్కడ సేర్. ‘ఆమె ఇంట్లో ఉంది’లో క్రియ ఉంది, అక్కడ ఎస్తార్. ‘పెళ్ళి తిరుపతిలో’ అన్నప్పుడు సేర్, ‘పెళ్ళికూతురు తిరుపతిలో ఉంది’ అన్నప్పుడు ఎస్తార్. వేడుక జరిగే చోటుకు స్పానిష్‌లోనూ సేరే వాడతారు. అయితే ‘గా ఉంది’ దగ్గర జాగ్రత్త అవసరం. ‘అతను పొడుగ్గా ఉంటాడు’ అనడానికి ‘ఎస్ ఆల్తో’ అనాలి. ‘నాకు ఆకలిగా ఉంది’ అనడానికి ఈ రెండూ పనికిరావు, ‘తేంగో ఆంబ్రే’ అనాలి. ‘బజారులో మామిడిపళ్ళు ఉన్నాయి’ అనడానికి ‘ఆయ్’ అనే మరో క్రియారూపం కావాలి.

అపోహ: ఏది వాడినా ఎదుటివారికి అర్థమైపోతుంది.

వాస్తవం: అర్థమవుతుంది, కాని వేరే అర్థం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ‘మొదలుపెడదామా, సిద్ధమేనా?’ అని అడిగితే, మా విద్యార్థిని ఒకామె ఎస్తార్‌తో ‘ఎస్తోయ్ లిస్తా’ అనవలసిన చోట సేర్‌తో ‘సోయ్ లిస్తా’ అంది. సిద్ధంగా ఉన్నానని చెప్పబోయి, నేను తెలివైనదాన్నని చెప్పింది. ఆ రోజు నుంచి నేను ‘లిస్తో’ (స్త్రీలింగంలో ‘లిస్తా’) అనే మాటను విడిగా నేర్పడం మానేసి, సేర్ లిస్తో, ఎస్తార్ లిస్తో అని రెండింటినీ పక్కపక్కనే బోర్డు మీద రాస్తున్నాను.