రెండోది మొదటిదానికి సరితూగిందా?

నెల్లూరు

చిరంజీవులు బుజ్జికీ చిన్నోడికీ తాత ఆశీస్సులు.

‘ఇన్‌సైడ్ ఔట్’ అనే బొమ్మల సినిమా రెండు భాగాలూ వరసగా చూసి, రెండోది మొదటిదంత బాగుందా లేదా అని మీరిద్దరూ వాదులాడుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. నా మాట ముందే చెప్పేస్తా. సరితూగలేదు. కానీ రెండోదాంట్లో ఒక ఘట్టం ఉంది, అట్టాంటిది మొదటిదాంట్లో లేదు. ఎందుకంటున్నానో తీరిగ్గా చదవండి.

ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు కొనసాగించడం మన నెల్లూరికి కొత్త సంగతి కాదు. నన్నయ భారతంలో రెండు పర్వాలు ముగించి, అరణ్య పర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాట పర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. నన్నయలాగా రాయాలని చూడలేదు. మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు, తెలుగు మాటలు ఎక్కువ వేసి, తన తీరున రాశాడు. ఆ తర్వాత అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన, ఆగిన చోటు నుంచి అందుకుని నన్నయ ధోరణిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన ధోరణిలోకి తెచ్చి కలిపాడు. వాళ్ల పనిని బట్టి రెండు ప్రశ్నలు అడగొచ్చు. రెండో భాగానికి తన గొంతు ఉందా? అతుకు కుదిరిందా?

మొదటి సినిమా 2015లో వచ్చింది. దర్శకుడు పీట్ డాక్టర్. పదకొండేళ్ల రైలీ మిన్నెసోటా వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తుంది. ఆమె తలలో సంతోషం, దిగులు, కోపం, భయం, ఏవగింపు, ఐదుగురూ కలిసి కాపురం. అక్కడ ఒక్కో జ్ఞాపకం ఒక్కో రంగు గోళం, సంతోషానిది బంగారు రంగు, దిగులుది నీలం. కథంతా ఒక్క జ్ఞాపకం మీద నిలబడింది. చెట్టు కొమ్మ మీద కూర్చున్న రైలీ దగ్గరికి హాకీ జట్టు వచ్చి ఎత్తుకున్న జ్ఞాపకం అది, బంగారు రంగు గోళం. సంతోషం దాన్ని వెనక్కి తిప్పి చూస్తే అదే గోళం నీలంగా మారుతుంది. ఆట ఓడిపోయి ఆ పిల్ల దిగులుగా కూర్చుంది కాబట్టే అందరూ వచ్చారని అప్పుడు తెలుస్తుంది. దిగులు పనికిమాలింది కాదని ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు, రంగు మారింది, అంతే. ఆ సంగతి తెలిశాక, రైలీ చిన్నప్పుడు ఊహించుకున్న నేస్తం బింగ్‌బాంగ్ పోయాడు. మరుపు గుంతలోంచి సంతోషం పైకి ఎగరాలంటే ఇద్దరూ ఎక్కిన బండి బరువు తగ్గాలి, అందుకని వాడు దూకేశాడు. కథ ఆ ధర చెల్లించింది.

రెండోది 2024లో వచ్చింది, దర్శకుడు కెల్సీ మాన్. రైలీకి పదమూడేళ్లు. మూడు రోజుల హాకీ క్యాంపు. ఆందోళన, అసూయ, విసుగు, సిగ్గు కొత్తగా వచ్చి చేరాయి. నిడివి 95 నిమిషాల నుంచి 96 అయింది, లోపలివాళ్లు మాత్రం ఐదుగురి నుంచి తొమ్మిదిమంది అయ్యారు. ఇక్కడే ఇరుకైంది. అసూయ చేసిన పని ఏందని అడిగితే మీరు ఒక్క వాక్యం కూడా చెప్పలేరు. మొదటి సినిమాకు ప్రాణమైన దిగులుకు కూడా చిన్న పనే దక్కింది. దారి కూడా పాతదే. పాత ఐదుగురూ బయటికి నెట్టబడతారు, దూరాలు తిరుగుతారు, వెనక్కి వస్తారు. ఈసారి బింగ్‌బాంగ్ లాగా ఎవరూ పోరు.

అతుకు ఎక్కడ ఊడిందో చెబుతాను, ఇది జాగ్రత్తగా చూడండి. మొదటిదాని చివర్లో దిగులుకు చోటివ్వాలని సంతోషం నేర్చుకుంది కదా? రెండోదాని మొదట్లో అదే సంతోషం, రైలీకి ఇబ్బంది కలిగించిన జ్ఞాపకాలన్నిటినీ గొట్టంలో పెట్టి మనసు వెనక్కి విసిరేస్తూ ఉంటుంది. నేర్చుకున్నది ఏమైపోయింది? మనుషులు నేర్చిన పాఠం మరిచిపోతారు, అది నిజమే. కానీ ఎందుకు మరిచిందో చూపే సన్నివేశం ఒక్కటైనా ఉండాల్సింది. ఎర్రన అయితే అక్కడ నాలుగు పద్యాలు వేసేవాడు.

ఇక గొంతు సంగతి. అది ఉంది. రైలీ నమ్మకాలు సన్నని తీగల్లా పైకి లేచి, అన్నీ కలిసి ‘నేను’ అనే వెలుగు పువ్వవుతాయి. మొదటిదాంట్లో ఇది లేదు. ఆందోళన దాన్ని పీకేసి, నేను చాలను అనే తీగ పెంచుతుంది. దీని ఫలితమే పెనాల్టీ బాక్స్ ఘట్టం. ఐస్ హాకీలో తప్పు చేసినవాళ్లని రెండు నిమిషాలు విడిగా కూర్చోబెడతారు. రైలీ అక్కడ ఒంటరిగా కూర్చుంటుంది, ఊపిరి వేగమవుతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. తల లోపల నారింజ రంగు సుడిగాలి. దాని మధ్యలో ఆందోళన కదలకుండా నిలబడి ఉంటుంది, కంట్లో నీళ్లు. అంత వేగంగా తిరిగేది తానే, ఆపలేనిదీ తానే. పిల్లలకు ఊపిరాడనంత కంగారు పుట్టినప్పుడు లోపల జరిగేది సరిగ్గా ఇదే, దాన్ని బొమ్మగా చూపారు. కౌమారం మీద పనిచేసే మనస్తత్వవేత్త లీసా డామూర్ ఈ సినిమాకు సలహాలిచ్చారు, ఆ జాగ్రత్త ఇక్కడ కనిపిస్తుంది. ఆందోళనను దుర్మార్గురాలిని చేయకపోవడం నాకు బాగా నచ్చింది. చివర్లో దాన్ని తరిమెయ్యరు, కుర్చీలో కూర్చోబెట్టి స్పానిష్ పరీక్ష సంగతి చూసుకోమంటారు. ఆ కుర్చీ కోసమైనా రెండోది చూడాలి.

చిన్నోడా, రెండోది ఎక్కువ డబ్బు చేసింది కాబట్టి గొప్పదన్నావట. చేసిన మాట నిజమే, మొదటిదానికి దాదాపు రెట్టింపు. ఉత్తమ యానిమేషన్ ఆస్కార్ మాత్రం మొదటిదానికే వచ్చింది, రెండోది నామినేషన్ దగ్గర ఆగింది. ఈ రెండు లెక్కలూ పక్కన పెట్టండి.

ఇట్టా చెయ్యండి. కాగితం మీద మూడు గళ్లు గీయండి: సంతోషం మొదట ఏం నమ్మింది, ఏం పోగొట్టుకుంది, చివరికి ఏం తెలుసుకుంది. సినిమాకొక వరస. వరసగా రెండూ ఒకే రోజు చూడకండి, రెండోది మొదటిదాని వెలుగులో మసకబారుతుంది. మధ్యలో ఒక రోజు వదలండి. చూసేటప్పుడు రాయకండి, అయిపోయాక రాయండి, గుర్తున్నదే లెక్క. రెండోదాని మధ్య గడిలో ఏం రాశారో నాకు ఫోన్లో చెప్పండి. అది ఖాళీగా ఉంటే బుజ్జి గెలిచింది. చిన్నోడు అక్కడ ఏదైనా రాయగలిగితే నేను మళ్లీ చూస్తా.

మీ తాత