శ్రీశైలం కోసం ఎవరు వెతుకుతున్నారు?

శ్రీశైలం పేరును అంతర్జాలంలో వెతకడానికి రాయలసీమ వాసులకు ఏటా రెండు పెద్ద కారణాలు ఉంటాయి. మాఘ బహుళ చతుర్దశినాడు వచ్చే మహాశివరాత్రి మొదటిది. మల్లన్న దర్శనానికి బయలుదేరేవారు అప్పుడు బస్సు వేళలు, గదులు, దర్శనం టికెట్ల గురించి వెతుకుతారు. కృష్ణమ్మకు వరద వచ్చే కాలం రెండోది. జలాశయం 885 అడుగుల నిండు నీటిమట్టానికి చేరువయ్యే కొద్దీ గేట్లు ఎత్తారా, ఎన్ని ఎత్తారు, ఎంత నీరు దిగువకు పోతోంది అన్న ప్రశ్నలు పెరుగుతాయి. ఆ ప్రశ్నలు అడిగేవారు కూడా అంతా ఒక్కటి కాదు. గేట్ల మీదుగా దూకే నీటిని చూసి రావాలని కర్నూలు నుంచి కుటుంబంతో బయలుదేరేవారు ఉంటారు, పోతిరెడ్డిపాడు నుంచి కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో అని ఎదురుచూసే రైతులు ఉంటారు, 2009 అక్టోబరు వరదను మరచిపోలేని నదీతీర కుటుంబాలవారూ ఉంటారు.

ఏ మాటపై జనం ఆసక్తి ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చూపే గణాంకాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. కర్నూలులోనో, కడపలోనో డిగ్రీ చదివే విద్యార్థి రుసుము కట్టకుండా, ఎవరి అనుమతీ కోరకుండా వాటిని దించుకోవచ్చు. అయితే ఆ అంకెలను సరిగా చదవడానికి కంప్యూటరు పరిజ్ఞానం ఒక్కటే సరిపోదు. పంచాంగం, మార్కెట్ యార్డు, ఊరి మాట తెలిసినవారే వాటిని బాగా చదవగలరని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ పనిని మహానగరాల్లోని సంస్థలకు వదిలేయకూడదు.

ఈ గణాంకాల్లో ఎక్కువమందికి తెలిసినది గూగుల్ ట్రెండ్స్. 2006లో మొదలైన ఈ సేవలో 2004 నుంచి జరిగిన వెతుకులాటల సమాచారం దొరుకుతుంది. ఒక మాటను ఎన్నిసార్లు వెతికారో అది నేరుగా చెప్పదు. ముందుగా, ఎంచుకున్న ప్రాంతంలో ఆ కాలంలో జరిగిన మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా ఎంతో లెక్కగడుతుంది, తర్వాత ఆ వాటాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని 100గా తీసుకుని మిగతావాటిని దానికి అనుగుణంగా కుదిస్తుంది. ఒక వారంలో జరిగిన ప్రతి లక్ష వెతుకులాటల్లో ఇరవై శ్రీశైలం గురించి ఉన్నాయని, ఆ ఏడాదిలో అదే అత్యధికమని అనుకుందాం. ఆ వారానికి 100 పడుతుంది. లక్షకు ఐదే ఉన్న మరో వారానికి 25 పడుతుంది. కాబట్టి 100 అంటే వందమంది అనీ కాదు, నూటికి నూరుమంది అనీ కాదు. ‘ఫలానా అంశంపై ఆసక్తి వంద శాతం’ అని వార్తల్లో వినిపించినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న ఊరికి 100, హైదరాబాదుకు 40 వచ్చినంత మాత్రాన ఆ ఊళ్లో ఎక్కువమంది వెతికారని అర్థం కాదు. అక్కడి వెతుకులాటల్లో ఆ మాట వాటా ఎక్కువని మాత్రమే అర్థం.

మరో రెండు సంగతులున్నాయి. ట్రెండ్స్ మొత్తం వెతుకులాటలను కాక వాటిలోంచి తీసిన నమూనాను వాడుతుంది. అందువల్ల ఒకే ప్రశ్నకు వేర్వేరు రోజుల్లో దించుకున్న అంకెలు కొంచెం తేడాగా రావచ్చు. జాగ్రత్తగా పనిచేసే పరిశోధకులు అదే అంకెలను పలుమార్లు దించుకుని సగటు తీస్తారు. ఇక రెండోది, వాటాను లెక్కగట్టేటప్పుడు భాగహారంలో కింద ఉండే మొత్తం వెతుకులాటలు కూడా కాలంతో పాటు మారిపోయాయి. 2004లో మన జిల్లాల్లో ఇంటర్నెట్ వాడినవారిలో నెట్ సెంటరుకు వెళ్లే విద్యార్థులు, ఉద్యోగులే ఎక్కువ. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు పడిపోయాక పల్లెల్లో ఇంటింటా ఫోను తెరుచుకుంది. అందువల్ల ఇరవై ఏళ్ల గ్రాఫులో ఏదైనా శాస్త్ర విషయం మీది గీత కిందికి దిగుతూ కనిపిస్తే, ఆ విషయం మీద జనానికి ఆసక్తి చచ్చిపోయిందని వెంటనే తీర్పు చెప్పకూడదు. వెతికే జనమే మారారు.

వికీపీడియా ఇచ్చే పేజీ వీక్షణల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. 2015 జూలై నుంచి ప్రతి భాషలోని ప్రతి వ్యాసాన్ని ఏ రోజు ఎన్నిసార్లు తెరిచారో అది అసలు అంకెల్లోనే చెబుతుంది. మనుషులు తెరిచినవి వేరు, తమను తాము యంత్రాలుగా చెప్పుకునే ప్రోగ్రాములు తెరిచినవి వేరు అని విడదీసి చూపుతుంది. మనుషులుగా కనిపించే యంత్రాల రాకపోకలను కూడా 2020 నుంచి పక్కకు తీస్తోంది. మన ఉదాహరణకు ఇది బాగా పనికొస్తుంది. ఆంగ్ల వికీపీడియాలో శ్రీశైలం ఊరికి ఒక వ్యాసం, ఆనకట్టకు ఒకటి, మల్లికార్జున ఆలయానికి ఒకటి వేర్వేరుగా ఉన్నాయి. వెతుకులాట మాటలో కలిసిపోయిన భక్తుడూ, వరదను గమనించేవాడూ ఇక్కడ వేరుపడతారు. లోపం కూడా ఉంది. ఈ లెక్క భాష వారీగా ఉంటుంది కానీ జిల్లా వారీగా ఉండదు. ఆనకట్ట వ్యాసం చదివినవాడు నంద్యాలలో ఉన్నాడో షికాగోలో ఉన్నాడో అది చెప్పదు. వ్యాసం పేరు మారితే పాత పేరు కింద కొన్ని వీక్షణలు, కొత్త పేరు కింద కొన్ని నమోదవుతాయి. మన జిల్లాల విషయంలో ఇది చిన్న చిక్కు కాదు. కడప ఆంగ్ల వర్ణక్రమం 2005లో మారింది, 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలు విడిపోయాయి. ఆ తేదీకి ముందున్న కర్నూలు జిల్లా గ్రాఫును, తర్వాతి గ్రాఫును ఒకే గీతగా కలిపితే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు.

ఇక కాలగణన. పడమటి దేశాల్లో రూపొందిన పద్ధతులు చాలావరకు ఋతువుల ప్రభావాన్ని ఆంగ్ల నెలల వారీగా తొలగిస్తాయి. ఈ ఫిబ్రవరిని నిరుడు ఫిబ్రవరితో పోలుస్తాయి. మన పండుగలు అలా నడవవు. మహాశివరాత్రి 2023లో ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది. ఫిబ్రవరిని ఫిబ్రవరితో పోల్చి చూసినవారికి 2024లో శ్రీశైలం మీద ఆసక్తి హఠాత్తుగా పడిపోయినట్టు, మరుసటి ఏడు మళ్లీ ఉవ్వెత్తున లేచినట్టు కనిపిస్తుంది. నిజానికి మారింది ఆ తిథి పడే తేదీ మాత్రమే. 2023లో అధిక శ్రావణం రావడంతో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు శుభకార్యాలకు తగని నెల నడిచి, నిజ శ్రావణంలోని నోములూ వ్రతాలూ ఆ తర్వాతకు వెళ్లాయి. పట్టుచీరలు, పూజా సామగ్రి, పెళ్లి మంటపాల గురించిన ఏ గ్రాఫునైనా ఆ ఏడాది విషయంలో తిథుల ప్రకారం సరిచేయకుండా వాడితే తప్పు తప్పదు. ఇది పెద్ద గణితమేమీ కాదు. అంకెల పట్టికలో తేదీ పక్కన మాసం, తిథి అనే మరో రెండు నిలువు వరుసలు చేర్చి, శివరాత్రికి ముందు పదో రోజును శివరాత్రికి ముందు పదో రోజుతోనే పోల్చాలి. పంచాంగం చూడటం తెలిసిన ఇంటి పెద్దలు ఈ పనిలో గణాంక శాస్త్రజ్ఞునికి సాయం చేయగలరు.

రెండు గీతలు కలిసి పైకి లేచినంత మాత్రాన వాటికి సంబంధం ఉందనుకోవడం వల్ల జరిగిన పొరపాట్లలో పేరుపడ్డది గూగుల్ ఫ్లూ ట్రెండ్స్. 2008లో మొదలైన ఆ ప్రయత్నంలో ఐదు కోట్ల వెతుకులాట పదాలను పరిశీలించి, అమెరికాలో ఫ్లూ జ్వరంతో వైద్యుల దగ్గరకు వెళ్లేవారి సంఖ్యతో పాటు పెరిగి తరిగే 45 పదాలను ఎంచుకున్నారు. వాటి ఆధారంగా ప్రభుత్వ లెక్కలకన్నా ముందే జ్వరం తీవ్రతను అంచనా వేశారు. ఫలితాలు 2009లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. జల్లెడ పట్టేటప్పుడు హైస్కూల్ బాస్కెట్‌బాల్ పోటీల గురించిన పదాలు కూడా తేలాయి, ఎందుకంటే అక్కడ ఆ పోటీలూ, ఫ్లూ జ్వరాలూ శీతకాలంలోనే వస్తాయి. 2012-13 శీతకాలానికి వచ్చేసరికి ఆ అంచనా ప్రభుత్వ లెక్కకు దాదాపు రెట్టింపు చూపింది. 2011 ఆగస్టు నుంచి చూసిన 108 వారాల్లో 100 వారాలు అది అసలుకన్నా ఎక్కువే చెప్పిందని పరిశోధకుడు డేవిడ్ లేజర్, ఆయన సహచరులు 2014లో సైన్స్ పత్రికలో చూపారు. 2015లో గూగుల్ ఆ అంచనాలను ఇవ్వడం ఆపేసింది.

అలాంటి ఉచ్చు మన దగ్గరా ఉంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ వానకు కడిగిన ఎర్రనేలలో వజ్రాలు బయటపడతాయన్న ఆశతో జనం చేలల్లో వెతుకుతారు. దూరపు ఊళ్ల నుంచి కూడా వస్తారు. అదే తొలకరికి వేరుశనగ విత్తనాల కోసం రైతులు ఆరా తీస్తారు. వజ్రాల వెతుకులాట, విత్తనాల వెతుకులాట కలిసి లేస్తే, ఒకటి చూసి రెండోదాన్ని కొన్నేళ్లపాటు చక్కగా అంచనా వేయవచ్చు. వాన ఆలస్యమైన ఏడాదిలో కూడా రెండూ కలిసే ఆలస్యమవుతాయి. అయినా వజ్రానికీ వేరుశనగకూ ఏ సంబంధమూ లేదు, రెండూ వాన కోసమే ఆగాయి. ఎవరికైనా పెద్ద వజ్రం దొరికిందన్న వార్త ఒకసారి గుప్పుమంటే చాలు, మొదటి గీత ఆకాశానికి లేస్తుంది, విత్తనాల అంచనా అంతా తారుమారవుతుంది. ఫ్లూ ట్రెండ్స్‌కు జరిగినది ఇంచుమించు ఇదే: జ్వరం లేనివారు కూడా వార్తలు చూసి జ్వరం గురించి వెతికారు.

అందుకే అంతర్జాలపు అంకెల పక్కన అంతర్జాలానికి బయటి లెక్క ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఉల్లినే తీసుకుందాం. కర్నూలు మార్కెట్ యార్డుకు ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, క్వింటాలుకు కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది అన్నవి కేంద్ర ప్రభుత్వపు మార్కెట్ ధరల వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో దొరుకుతాయి. యార్డుకు సెలవైన రోజు, లెక్క పంపని రోజు అక్కడ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని సున్నాగా రాసుకుంటే లెక్కంతా పాడవుతుంది. ఆ పట్టిక పక్కన ఉల్లి ధర గురించిన వెతుకులాటను పెడితే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఎదురవుతుంది. 2019 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది, డిసెంబరుకు చాలా నగరాల్లో కిలో వంద రూపాయలు దాటింది. అలాంటప్పుడు నగరాల్లో కొనేవారంతా ధర గురించి వెతుకుతారు. 2025లో కర్నూలులో ధర కుప్పకూలి, ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనుగోలు చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు గడ్డల రాశి ముందు నిలబడ్డ రైతు గూగుల్‌ను అడగడు. కమీషన్ ఏజెంటుకు ఫోను చేస్తాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాట వింటాడు. ఆ రెండూ ఏ బహిరంగ గణాంకాల్లోనూ నమోదు కావు. అంటే ఈ గీతల్లో కొనేవాడి బాధ పెద్దదిగా, అమ్మేవాడి బాధ చిన్నదిగా కనిపించే ప్రమాదం ఉంది. వెతుకులాట పెరగకపోవడాన్ని సమస్య లేకపోవడంగా చదివిన అధికారి సరైన సమయంలో కదలడు.

మాటల తేడా ఈ నష్టాన్ని ఇంకా పెంచుతుంది. వేరుశనగ అని వ్యవసాయ శాఖ రాస్తుంది, అనంతపురం పల్లెలో చెనిక్కాయ అంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. ఒక్కొక్కటి తెలుగు లిపిలో కొంత, ఆంగ్ల అక్షరాల్లో మూడు నాలుగు రకాల వర్ణక్రమాలతో కొంత వెతకబడుతుంది. ట్రెండ్స్‌లో ఒకేసారి కొన్ని మాటలను మాత్రమే పోల్చవచ్చు. ఒక్కో రూపానికి వెతుకులాటలు మరీ తక్కువైతే అది సున్నా చూపుతుంది. ఇలా పది రూపాల్లో చీలిన ఆసక్తి పది సున్నాలుగా మిగిలిపోవచ్చు. ఒకే అంశం కింద వివిధ రూపాలను కలిపి చూపే ఏర్పాటు ట్రెండ్స్‌లో ఉంది, కానీ అది పెద్ద భాషల్లోని స్థిరపడ్డ పేర్లను పట్టినంత బాగా మన పల్లె మాటలను పడుతుందని ఆశించలేము.

మరీ సన్నగా చూడాలనే ఆశకు హద్దు కూడా ఉండాలి. 2006 ఆగస్టులో అమెరికా అంతర్జాల సేవల సంస్థ ఏఓఎల్, పరిశోధకులకు పనికొస్తుందన్న ఉద్దేశంతో ఆరున్నర లక్షల మంది చేసిన సుమారు రెండు కోట్ల వెతుకులాటలను పేర్లు తీసేసి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి బయటపెట్టింది. విలేఖరులు కొద్ది రోజుల్లోనే ఆ సంఖ్యల్లో ఒకదాని వెనుకనున్న వృద్ధురాలి ఇంటి తలుపు తట్టారు. ఆమె వెతికిన ఇంటిపేర్లు, ఊరి సంగతులే ఆమెను పట్టిచ్చాయి. ఊరంతా ఒకరినొకరు ఎరిగిన మన పల్లెల్లో ఇది ఇంకా సులువు. ఒక గ్రామంలో ఒక జబ్బు గురించి ముగ్గురు వెతికారన్న లెక్క బయటికొస్తే, ఆ ముగ్గురెవరో రచ్చబండ దగ్గర సాయంత్రానికి తేలిపోతుంది. ట్రెండ్స్ చిన్న సంఖ్యలను సున్నాగా చూపడం మన పరిశోధనకు అడ్డమే, అయినా ఆ ముగ్గురికి అది రక్షణ.

కాబట్టి మండలాల లోతుకు దిగడం కన్నా ముందు, జిల్లా స్థాయిలో సరైన మాటలతో లెక్క తీయడానికి ఏర్పాటు కావాలి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటి తెలుగు శాఖలూ, గణాంక శాఖలూ కలిసి కూర్చుంటే ఒక పట్టిక తయారు చేయవచ్చు. ప్రతి పంటకు, తెగులుకు, జబ్బుకు, ఊరికి ఒక వరుస ఉండాలి. అందులో పుస్తకాల్లోని పేరు, మూడు ఉమ్మడి జిల్లాల వాడుక పేర్లు, ఆంగ్ల అక్షరాల్లో జనం టైపు చేసే రూపాలు, సంబంధిత వికీపీడియా వ్యాసాల పాత కొత్త పేర్లు, పోల్చడానికి పనికొచ్చే బయటి లెక్క ఎక్కడ దొరుకుతుందన్న సమాచారం ఉండాలి. మాటలను సేకరించడానికి మార్కెట్ యార్డులకు, విత్తనాల దుకాణాలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు విద్యార్థులు వెళ్లాలి. దించుకున్న అంకెల పక్కన దించుకున్న తేదీ రాసి, ఆ పట్టికను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా బయట పెట్టాలి.